మీ డెవలపర్ టీంలోకి ఏఐని ఎలా తెచ్చుకోవాలి: వడ్ల లెక్కల మధ్య మేం నేర్చుకున్న పద్ధతి

నల్లగొండలో మాది ఎనిమిది మంది టీం. రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ గేటు దాటిన దగ్గర నుంచి కాంటా, తేమ, దిగుమతి (లారీ నుంచి సరుకు దింపడం), చివరికి బియ్యం అప్పజెప్పేదాకా లెక్కంతా అందులోనే నడుస్తుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లులు ఎక్కువ, పాలమూరు వైపు కూడా కొన్ని ఉన్నాయి. 2023లో మహబూబ్‌నగర్‌లో, ఆ తర్వాత నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు కదా, అక్కడా ఇక్కడా మాలాంటి చిన్న టీంలు నడిపే దోస్తులు కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "అన్నా, మీ దగ్గర ఏఐ ఎట్ల మొదలుపెట్టిన్రు? మావోళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుతున్నరు, ఏం జరుగుతుందో నాకే తెలుస్తలేదు."

అందరూ ముందు టూల్ గురించే అడుగుతారు. దాన్ని చివరికి ఉంచుతా. టూల్ మార్చినందుకు మాకు వచ్చిన తేడా కొంచెమే. మా బుర్రల్లో మాత్రమే ఉన్న రూల్స్‌ని కాగితం మీద పెట్టినందుకు వచ్చిన తేడా మాత్రం చాలా పెద్దది. కింద ఉన్న వరుసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఐదు నుంచి పదిహేను మంది ఉన్న టీం, ఇప్పటికే కస్టమర్ల దగ్గర నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఉన్న టీం, ఇది మీకోసం. మొత్తానికి ఎనిమిది వారాలు పెట్టుకోండి.

ముందు అందరినీ కూర్చోబెట్టండి

లైసెన్సులు కొనకముందే ఒక గంట మీటింగ్ పెట్టండి. మన దగ్గర పనిచేసే పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. టీవీలో ఏఐ వార్త వచ్చిన రోజు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి "నీ నౌకరి ఉంటదా బిడ్డా" అని అడిగితే ఆ టెన్షన్ మరుసటి రోజు ఆఫీసుకి కూడా వస్తుంది. అందుకే మీరు దేనికోసం తెస్తున్నారో స్పష్టంగా చెప్పండి. మనుషుల్ని తగ్గించడానికే అయితే దాచిపెట్టి ఈ పద్ధతి నడిపించకండి, వాళ్లు తెలిసింది చెప్పరు, మీ రూల్స్ కాగితం మీదకు రావు. మేం చెప్పింది ఇది: సీజన్‌లో రాత్రి పదకొండు దాకా ఫోన్లు ఎత్తే పరిస్థితి తగ్గాలి, ఎవరు ఎంత ఏఐ వాడారు అన్నదాని మీద ఎవరికీ మార్కులు ఉండవు. ఆ రెండో మాట మీద గట్టిగా నిలబడండి. ఎన్ని లైన్లు రాశారు, ఎన్ని టోకెన్లు (ఏఐ చదివే, రాసే మాటల ముక్కలు) ఖర్చుపెట్టారు అని లెక్క తీయడం మొదలైతే అవసరం లేని కోడ్ కుప్పలుగా వస్తుంది.

అదే మీటింగ్‌లో ఇంకొకటి అడగండి: ఇప్పటికే ఎవరెవరు సొంత అకౌంట్‌లో వాడుతున్నారు? తిట్టనని ముందే మాటివ్వండి. మా దగ్గర ఎనిమిది మందిలో ఆరుగురు చేతులెత్తారు.

రెండు వారాలు పాత లెక్క రాసుకోండి

ఏఐ రాకముందు మీ పని ఎలా నడుస్తుందో తెలియకపోతే, వచ్చాక బాగుపడిందో లేదో చెప్పలేరు. మూడు అంకెలు చాలు: ఒక పని మొదలుపెట్టిన రోజు నుంచి కస్టమర్ దగ్గర నడిచే రోజు దాకా ఎన్ని రోజులు, అందులో రివ్యూ కోసం, అంటే రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి ఓకే చేయడం కోసం, ఎదురుచూసింది ఎంత, బయటికి వెళ్లాక తిరిగొచ్చిన తప్పులు ఎన్ని. మామూలు షీట్‌లో రాసుకుంటే సరిపోతుంది.

"వేగం పెరిగినట్టు మాకే తెలుస్తుంది కదా, లెక్కెందుకు" అంటారు. తెలియదు. 2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. తమ ప్రాజెక్టుల్లో ఏళ్లుగా పనిచేస్తున్న 16 మంది డెవలపర్లు, 246 పనులు, కొన్ని ఏఐతో, కొన్ని ఏఐ లేకుండా. ఏఐ ఉంటే 24 శాతం తక్కువ టైం పడుతుందని వాళ్లు ముందు అనుకున్నారు, అయిపోయాక కూడా 20 శాతం తగ్గిందనే చెప్పారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. అది 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో, బాగా అనుభవం ఉన్నవాళ్లతో చేసింది, కాబట్టి మీ దగ్గర అలాగే జరుగుతుందని కాదు. కానీ అంత అనుభవం ఉన్నవాళ్ల అంచనా అంత తప్పితే, మన అనిపించడాన్ని మనం నమ్మొద్దు.

ఏది బయటికి పోకూడదో గోడ మీద రాయండి

మా డేటాబేస్‌లో రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంక్ ఖాతాలు, పట్టాదారు పాస్‌బుక్ నంబర్లు ఉంటాయి. అవి మనవి కావు. ఒక ఎర్రర్ వచ్చిందని లాగ్ ఫైల్ మొత్తం కాపీ చేసి చాట్‌లో పేస్ట్ చేస్తే అందులో పది మంది రైతుల వివరాలు వెళ్లిపోతాయి, ఎవరూ కావాలని చేయరు, తొందరలో జరిగిపోతుంది. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టారని తేలాక ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, డేటాని కాపాడడంలో ఫెయిలైతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. చిన్న టీం అని ఎవరూ వదిలేయరు.

చేయాల్సినవి ఇవి. సొంత అకౌంట్లు బంద్ చేసి, మీ డేటాతో మోడల్‌కి ట్రైనింగ్ ఇవ్వబోమని ఒప్పందంలో రాసిచ్చే టీం ప్లాన్ తీసుకోండి. పాస్‌వర్డ్‌లు, కీలు ఉన్న ఫైళ్లు ఏజెంట్ (మన తరఫున ఫైళ్లు చదివి, కోడ్ మార్చే ఏఐ) చదవకుండా అడ్డం పెట్టండి. డెవలపర్ల లాప్‌టాప్‌ల మీద అసలు డేటా కాపీ ఉంటే ఈరోజే తీసేసి, దొంగ డేటా తయారుచేసే స్క్రిప్ట్ ఒకటి రాసుకోండి. ఒక చిన్న ఉపాయం: ఆధార్ నంబర్ ఎప్పుడూ 0తో గానీ 1తో గానీ మొదలవదు, కాబట్టి మీ టెస్ట్ డేటాలో నంబర్లన్నీ 0తో మొదలుపెట్టండి, పొరపాటున బయటికి వెళ్లినా అది ఏ మనిషిదీ కాదు.

ఇప్పుడు అసలు పని: మీ రూల్స్ రాయడం

ఇప్పుడొస్తున్న కోడింగ్ టూల్స్ చాలావరకు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌ని ముందుగా చదువుతాయి. చాలా టూల్స్‌లో దాని పేరు ఏజెంట్స్ డాట్ ఎండీ, క్లాడ్ కోడ్‌కి అయితే క్లాడ్ డాట్ ఎండీ. పేరేదైనా విషయం ఒకటే, కొత్తగా చేరిన డెవలపర్‌కి మొదటి రోజు మీరు ఏం చెప్తారో అది అందులో ఉండాలి.

ఏ కమాండ్‌తో టెస్టులు నడుస్తాయి, ఫోల్డర్లు ఎలా ఉన్నాయి అన్నవి పది నిమిషాల్లో అయిపోతాయి. కష్టమైంది మీ వ్యాపారం మాటలు రాయడం. మావి కొన్ని చెప్తా, అప్పుడు మీవి మీకే గుర్తొస్తాయి.

మొదటిది సీజన్. మన దగ్గర వానాకాలం, యాసంగి అంటాం, కానీ ప్రభుత్వ కొనుగోలు లెక్క అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక ఏడాది. అంటే 2025 ఏప్రిల్‌లో వచ్చిన యాసంగి వడ్లు 2024-25 లెక్కలోకి వస్తాయి. ఈ సంగతి చెప్పకుండా రిపోర్ట్ రాయమంటే ఏఐ చక్కగా జనవరి నుంచి డిసెంబర్ దాకా కూడి చూపిస్తుంది, అంకెలు చూడటానికి బాగానే ఉంటాయి, మొత్తం తప్పు. రెండోది తేమ. 17 శాతం దాకా కొనుగోలు నిబంధన ఒప్పుకుంటుంది, మరి సరిగ్గా 17.0 వస్తే లోపలా బయటా? లోపలే. ఆ ఒక్క ముక్క మా కోడ్‌లో మూడు చోట్ల మూడు రకాలుగా ఉందని ఈ ఫైల్ రాస్తున్నప్పుడే బయటపడింది, ఏఐ ఇంకా ముట్టుకోనేలేదు. మూడోది బస్తా. 40 కిలోల వడ్లు, పైన గోనె సంచి బరువు 600 గ్రాములు, మొత్తం 40.600 తూకం. ఆ 600 గ్రాములు ఎక్కడ తీసేస్తున్నాం, ఎన్నిసార్లు తీసేస్తున్నాం? దీని కథ కింద ఉంది.

ఎలా రాయాలంటే, కంప్యూటర్ ముందు కూర్చుని రాయకండి. మీ టీంలో అందరూ డౌట్ వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారో ఆ మనిషిని కూర్చోబెట్టి, కొత్తగా చేరిన ఇద్దరిని ప్రశ్నలు అడగమనండి, ఒకరు రాయండి. మా దగ్గర ఆ మనిషి అంతకుముందు పదేళ్లు మిల్లులో గుమాస్తాగా చేసిన అక్క, ఆమె కోడ్ రాయదు, టెస్టింగ్ చూస్తుంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆమె చెప్పిన సగం విషయాలు నాకే కొత్త. ఫైల్ మాత్రం ఒకటి రెండు పేజీలు దాటనివ్వకండి, ఎక్కువైతే ముఖ్యమైనవి మరుగున పడతాయి. మిగతావి వేరే ఫైళ్లలో పెట్టి, దేనికోసం ఎక్కడ చూడాలో ఇక్కడ ఒక్క లైన్‌లో రాయండి. ఏఐ ఒకే తప్పు రెండోసారి చేస్తే, చాట్‌లో సరిదిద్ది ఊరుకోకుండా ఫైల్‌లో ఒక లైన్ కలపండి.

భాష గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా: తెలుగులో అడిగినా ఇప్పటి మోడల్స్‌కి బాగానే అర్థమవుతుంది. కాకపోతే తెలుగు లిపిలో రాస్తే అదే విషయానికి ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు పడతాయి. మేం ఫైల్ ఇంగ్లీషులో పెట్టి, తరుగు, దిగుమతి, తక్‌పట్టీ (రైతుకిచ్చే తూకం చీటీ) లాంటి మాటలకు మాత్రం అర్థం విడిగా రాసుకున్నాం. తక్‌పట్టీని అది ఒకసారి మామూలు షాపు బిల్లు అనుకుని జీఎస్టీ కాలమ్ పెట్టేసింది.

ఇద్దరితో, పాత కోడ్‌తో మొదలుపెట్టండి

అందరికీ ఒకేసారి ఇవ్వకండి. ఇద్దరు చాలు, అందులో ఒకరు ఏఐ మీద నమ్మకం లేనివాళ్లు అయితే ఇంకా మంచిది. రెండు వారాల పాటు కొత్త ఫీచర్లు అడగొద్దు. పాత కోడ్‌లో ఎవరూ ముట్టుకోని ఫైల్ తీసి "ఇది ఏం చేస్తుందో వివరించు, ఎక్కడెక్కడ నుంచి పిలుస్తున్నారో చూపించు" అని అడగండి, అది చెప్పింది మీకు తెలిసినదానితో పోల్చండి. దానివల్ల మీకు ఆ టూల్ ఎక్కడ నమ్మకంగా తప్పు చెప్తుందో అర్థమవుతుంది. ఆ తర్వాత టెస్టులు లేని చోట టెస్టులు, పాత రిపోర్టుల మార్పులు, వెర్షన్ అప్‌గ్రేడ్‌లు. ఆ ఇద్దరూ రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని రెండు లైన్లు రాయాలి. మూడో వారంలో మిగతావాళ్లకు నేర్పేది వాళ్లే.

అడిగే పద్ధతి

ముందు ప్లాన్ అడగండి, కోడ్ కాదు. ఏ ఫైళ్లు మారతాయో, ఎందుకో అది చెప్పాలి, మీరు చదివి సరిచేయాలి, అప్పుడు రాయమనాలి. ఒక్కసారికి ఒక్క మార్పు. మొదలుపెట్టే ముందు కమిట్ చేసి, అంటే అప్పటిదాకా ఉన్న కోడ్‌ని భద్రపరిచి, ఉంచుకుంటే నచ్చకపోతే మొత్తం పారేయడం తేలిక. రెండుసార్లు చెప్పినా దారిలోకి రాకపోతే వాదించకండి, ఆ చాట్ మూసేసి, కొత్తదాంట్లో విషయం ఇంకా స్పష్టంగా రాసి మొదలుపెట్టండి. పాత గొడవంతా అదే చాట్‌లో ఉంటే అది అక్కడక్కడే తిరుగుతుంది.

రివ్యూ దగ్గర ఆగండి, ఇక్కడే అంతా ఉంది

ఏఐ వచ్చాక కోడ్ రాయడం తేలికైపోతుంది, చదవడం కాదు. ముందు రోజుకి రెండు పుల్ రిక్వెస్టులు (రివ్యూకి పెట్టిన కోడ్ మార్పులు) చూసే మనిషి ముందు ఇప్పుడు ఏడు వచ్చి పడతాయి, అన్నీ పొందికగా, మంచి పేర్లతో, కామెంట్లతో ఉంటాయి. బాగా కనిపించే కోడ్‌లో తప్పు వెతకడం, చెత్తగా కనిపించే కోడ్‌లో వెతకడం కన్నా కష్టం.

మా దగ్గర జరిగింది చెప్తా. 2025 యాసంగి, ఏప్రిల్ చివర. ఒక మిల్లు అడిగిందని దిగుమతి స్లిప్ కొత్త ఫార్మాట్‌లో చేయాల్సి వచ్చింది. మా కుర్రాడు ఏజెంట్‌తో చేయించాడు, టెస్టులు కూడా దానితోనే రాయించాడు, పద్నాలుగు టెస్టులు, అన్నీ పచ్చగా ఉన్నాయి. రివ్యూ చేసింది నేనే. ఆరు వందల పైచిలుకు లైన్లు, రాత్రి తొమ్మిదింటికి, టెస్టులు పాసయ్యాయి కదా అని పైపైన చూసి ఓకే చేశాను. మరుసటి రోజు మధ్యాహ్నం కొనుగోలు సెంటర్ నుంచి ఫోన్: "సార్, ఇక్కడ రైతు లొల్లి పెడుతున్నడు. వంద బస్తాలు పంపితే 39 క్వింటాళ్ల 40 కిలోలే ఎక్కిందట."

వంద బస్తాలంటే కాంటా మీద 4060 కిలోలు, సంచుల బరువు 60 కిలోలు పోతే 40 క్వింటాళ్లు. మా పాత ఫంక్షన్ సంచి బరువు తీసేసిన అంకెనే ఇస్తుంది, కానీ దాని పేరు చూస్తే ఆ సంగతి తెలియదు. కొత్త కోడ్ ఆ అంకెలోంచి మళ్లీ 60 తీసేసింది. టెస్టులు కూడా అదే అపోహతో రాసినవి కాబట్టి 3940 వస్తేనే కరెక్ట్ అని ఒప్పుకున్నాయి. ఆ ఏడాది గ్రేడ్-ఏ వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2320 రూపాయలు, ఆ లెక్కన 60 కిలోలంటే 1392 రూపాయలు. ఆరు నెలల కష్టం పండించుకుని కల్లంలో రోజుల తరబడి కాపలా ఉండి అమ్ముకున్న మనిషికి మేం కోసిన కోత అది. రెండు గంటల్లో సరిచేశాం, ఆ పూట దిగిన లారీలన్నిటి స్లిప్పులు మళ్లీ తీశాం, డబ్బు ఎవరికీ తక్కువ పడలేదు. కానీ ఆ రైతు ఫోన్ చేయించి ఉండకపోతే? నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు బాగుండదు.

అప్పటి నుంచి మా దగ్గర నాలుగు కట్టుబాట్లు. డబ్బు, తూకం తగిలే చోట టెస్ట్‌లో ఆశించే అంకెని మనిషే రాయాలి, అదీ కోడ్ చూసి కాదు, అసలు స్లిప్ చూసి. గుమాస్తాగా చేసిన అక్క పేపర్ మీద చేతితో లెక్కగట్టిన ముప్పై పాత స్లిప్పులు ఇప్పుడు మా టెస్టుల్లో ఉన్నాయి, పేర్లు తీసేసి. ఆ ఫోల్డర్‌లో ఏఐ ఏదీ మార్చకూడదు, మారిస్తే పైప్‌లైన్ (కోడ్‌ని తనిఖీ చేసి బయటికి పంపే వరుస) ఆగిపోతుంది. రెండు, పుల్ రిక్వెస్ట్ 300 లైన్లు దాటితే ముక్కలు చేయాలి. సాఫ్ట్‌వేర్ టీంల పనితీరు మీద 2024లో వచ్చిన డోరా రిపోర్ట్‌లో కూడా ఇలాంటిదే ఉంది, ఏఐ వాడకం పెరిగిన చోట డెలివరీ నిలకడ తగ్గినట్టు కనిపించిందని, మార్పుల సైజు పెరగడం దానికి కారణం కావచ్చని. మూడు, కోడ్ ఎవరి పేరుతో వస్తే వాళ్లు ప్రతి లైన్ ఎందుకుందో నోటితో చెప్పగలగాలి. "ఏఐ రాసింది" అన్న జవాబు చెల్లదు. నాలుగు, రాత్రి ఏడు దాటాక రివ్యూ లేదు.

ఏఐతో కూడా రివ్యూ చేయించుకోవచ్చు, మేం చేయిస్తున్నాం, మనిషి కన్నా ముందు. వాడని వేరియబుల్, మర్చిపోయిన ఎర్రర్ హ్యాండ్లింగ్ లాంటివి బాగా పడుతుంది. మనిషి రివ్యూకి అది బదులు మాత్రం కాదు.

కొత్త ప్యాకేజీ పేరు కనిపిస్తే

ఏఐ ఒక్కోసారి లేని లైబ్రరీ పేరు చెప్తుంది. 16 మోడల్స్‌తో 5,76,000 కోడ్ నమూనాలు తీసి చూసిన ఒక అధ్యయనంలో, సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం అసలు లేనివే, డబ్బు కట్టే మోడల్స్‌లో అది 5 శాతం పైన. ఇలాంటి పేర్లను ముందే రిజిస్టర్ చేసి అందులో విషం పెట్టేవాళ్లుంటారు. కాబట్టి కొత్త డిపెండెన్సీ (బయటి లైబ్రరీ) అంటే ఒక సీనియర్ ఓకే తప్పనిసరి. ఇంతే, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు.

జూనియర్ల సంగతి

దీని గురించి నాకు నిజంగా బెంగ ఉంది. దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో వచ్చిన పిల్ల మొదటి ఏడాదిలో ఎర్రర్ మెసేజ్ చదవడం నేర్చుకోకపోతే మూడో ఏడాది ఎవరి కోడ్ రివ్యూ చేస్తుంది? మేం పెట్టుకున్నది: బగ్ వస్తే మొదటి అరగంట సొంతంగా, కాగితం మీద "ఇదై ఉండొచ్చు" అని రాసుకున్నాకే ఏఐని అడగాలి. వారానికొకసారి ఒక జూనియర్ తను ఏఐతో చేసిన పనిని స్క్రీన్ మీద పెట్టి అందరికీ వివరిస్తారు. తప్పు దొరికితే తిట్టేది లేదు. కోడ్ గురించి ప్రశ్నలు అడగడానికి మాత్రం ఏఐని ఎంతైనా వాడమనండి, తెలుగులోనే అడగమనండి. మీటింగ్‌లో ఇంగ్లీషుకి జంకి నోరు విప్పని పిల్లలు అక్కడ వంద ప్రశ్నలు అడుగుతారు, అది నేను చూశాను.

ఏజెంట్‌కి ఏ తాళాలు ఇవ్వాలి

సొంతంగా కమాండ్లు నడిపే ఏజెంట్‌ని వాడితే, లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ దానికి అందే చోట ఉండకూడదు. చూడాల్సిన అవసరం ఉంటే చదవడానికి మాత్రమే పనికొచ్చే యూజర్, అదీ దొంగ డేటా ఉన్న కాపీ మీద. 2025 జూలైలో ఒక కోడింగ్ ఏజెంట్, ఏమీ మార్చొద్దని చెప్పాక కూడా లైవ్ డేటాబేస్‌ని చెరిపేసిన సంఘటన ప్రపంచమంతా చదివింది. మాటతో చెప్పిన "వద్దు" తాళం కాదు, పర్మిషన్ లేకపోవడమే తాళం. బ్యాకప్ తీస్తున్నాం అనుకోవడం కాదు, ఒకసారి దాన్నుంచి తిరిగి నిలబెట్టి చూడండి.

ఇక టూల్, బిల్లు

గిట్‌హబ్ కోపైలట్, కర్సర్, క్లాడ్ కోడ్, ఏది తీసుకున్నా పైన చెప్పినవన్నీ చేయొచ్చు. మీ టీం ఇప్పుడు వాడే ఎడిటర్‌కి దగ్గరగా ఉన్నది తీసుకోండి, ఏడాదికి కాకుండా నెలకు కట్టండి, ఎందుకంటే ఇవి నెల నెలకీ మారుతున్నాయి. చాలావరకు డాలర్లలో బిల్లు వస్తుంది, ఏజెంట్లు టోకెన్ల లెక్కన తింటాయి, కాబట్టి మొదటి రోజే ఖర్చుకి పరిమితి పెట్టండి. మేం ఒక నెల పెట్టలేదు, ఆ బిల్లు చూసి ఉలిక్కిపడ్డాం.

ఎనిమిదో వారం చివర ఆ పాత షీట్ తీసి మూడు అంకెలూ పక్కపక్కన పెట్టండి, పని రకాన్ని బట్టి విడగొట్టి. మాకు టెస్టులు రాయడం, పాత కోడ్ అర్థం చేసుకోవడం, రిపోర్టుల్లో సమయం బాగా తగ్గింది. తూకం, తరుగు లెక్కలు ఉన్న మాడ్యూల్‌లో తగ్గలేదు, అక్కడ చదవడానికే ఎక్కువ టైం పోయింది, అందుకే ఆ మాడ్యూల్‌ని మళ్లీ మనిషి చేతికే ఇచ్చేశాం. ఇంకో సంగతి, కల్లాల్లో వడ్లు ఉన్న ఆ నెలన్నర రోజులు తూకం కోడ్‌లో ఎవరూ, ఏదీ, ఒక్క లైన్ కూడా మార్చరు. ఆ తేదీలు ఇప్పుడు మా రూల్స్ ఫైల్‌లో మొదటి లైన్.